అద్దె ఇంటి వాకిట వర్ణభేదం

మనిషికి కూడు, గుడ్డ, గూడు అనే మూడూ ముఖ్యావసరాలని చిన్ననాడే పాఠ్యపుస్తకాలలో చదువుకుంటాము. ఈ మూడింటిలో గూటికి ఒక ప్రత్యేకత ఉన్నది. కూడూ గుడ్డా సొమ్ము చెల్లిస్తే దొరుకుతాయి. అంగడివాడు పైకం లెక్క చూసుకుంటాడే గాని కొనేవాని పుట్టుపూర్వోత్తరాలు అడుగడు. గూటి సంగతి అట్లా కాదు. చేతిలో అద్దె సొమ్ము ఉన్నా సరే, ఇంటి యజమాని ఎదుట నిలబడి "నేను ఫలానా" అని చెప్పుకోవలసి ఉంటుంది. ఆ 'ఫలానా' ఆయన మనసుకు నచ్చవలసి ఉంటుంది. అందువలన ఒక సమాజం తనలోకి కొత్తగా వచ్చినవారిని ఏ కంట చూస్తున్నదో తెలుసుకోదలచినవారు ఆ సమాజపు అద్దె ఇళ్ళ వాకిళ్ళలో జరిగే సంభాషణను ఒకమారు చెవిన వేసుకోవడం మంచిది.

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ దాకా పోయే రహదారికి రెండు ప్రక్కలా శిక్షణ కేంద్రాలు, విద్యార్థుల వసతిగృహాలు బారులు తీరి ఉంటాయి. కంప్యూటర్ కోర్సులు, ఆంగ్లభాషా పరీక్షల తరగతులు, విదేశీ విశ్వవిద్యాలయాలలో ప్రవేశం ఇప్పించే ఆఫీసులు, వాటి నడుమ జిరాక్సు దుకాణాలు, టిఫిన్ బండ్లు మన విద్యార్థులకు నిత్యపరిచితాలు. మన కళాశాలలో డిగ్రీ ముగించినవారిలో కూడా కొందరు ఇంగ్లాండు, అమెరికాల దారి పట్టాలని ఆశపడుతున్నారు. అటువంటి విద్యార్థి ఒకడు పాఠం ముగిసిన పిదప నా వద్దకు వచ్చి, "సార్, అక్కడ మనవాళ్ళకు ఇల్లు అద్దెకిస్తారా?" అని అడిగినాడు. వీసా గురించి గాని, జీతం గురించి గాని అడుగక, ఇంటి గురించి అడిగినాడు. జిల్లా నుండి వచ్చి ఈ నగరంలో గది కోసం తిరిగిన పిల్లవాడు గనుక ఆ ప్రశ్న అతనికి తోచడం సహజమే. దానికి జవాబు వెదుకుతూ పోగా, మనకంటె ముందే ఆ దేశం చేరి, మనకంటె ముందే ఆ ప్రశ్నను ఎదుర్కొన్న కరీబియన్ దీవుల ప్రజల కథ నా కంటబడినది. ఆ కథ మన విద్యార్థులకు తెలియవలసినదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1948 జూన్ 22న 'ఎంపైర్ విండ్‌రష్' అనే ఓడలోని ప్రయాణికులు లండను సమీపంలోని టిల్బరీ రేవులో దిగినారు. అందులో జమైకా, ట్రినిడాడ్ మొదలైన కరీబియన్ దీవుల నుండి వచ్చినవారు ఎనిమిది వందల మందికి పైగా ఉన్నారు. ఓడ క్రింది అంతస్తులో చోటుకు ఇరవై ఎనిమిదిన్నర పౌన్లు చెల్లించి వచ్చినవారు వారు. వారిలో పలువురు రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసినవారే. ఇంగ్లాండు వారికి పరదేశం కాదు. బడిలో ఆంగ్ల రాజుల చరిత్ర చదువుకున్నారు, ఆంగ్లమే మాట్లాడుతారు, ఆ రాజు ప్రజలుగానే పుట్టినారు. యుద్ధంలో చితికిపోయిన ఇంగ్లాండుకు కూడా పనివారి అవసరం మెండుగా ఉన్నది. ఆ ఏడాదే జూలైలో ప్రారంభమైన జాతీయ ఆరోగ్య సేవ ఆసుపత్రులకు నర్సులు కావలసివచ్చినారు. 1956 నుండి లండను రవాణా సంస్థ బార్బడోస్ దీవికే వెళ్ళి బస్సులకూ రైళ్ళకూ సిబ్బందిని ఎన్నుకొని తెచ్చుకొన్నది.

పనికి రమ్మన్నారు; బాగానే ఉన్నది. కాని పని ముగిసిన తరువాత తల దాచుకొనే చోటేది? విండ్‌రష్‌లో వచ్చినవారిలో బస లేనివారిని క్లాఫమ్ సౌత్ వద్ద యుద్ధకాలంలో బాంబుల నుండి రక్షణకై భూగర్భంలో త్రవ్విన ఆశ్రయంలో ఉంచినారు. దానికి దగ్గరలోని ఉద్యోగ కేంద్రం బ్రిక్‌స్టన్‌లో ఉండడం వలన వారిలో అనేకులు ఆ ప్రాంతంలోనే స్థిరపడినారు. మిగిలినవారు వీధుల వెంట గదులు వెదుకుతూ తిరిగితే, 'గది అద్దెకు కలదు' అన్న కాగితం క్రిందనే నల్లవారు రానక్కరలేదన్న మాట కనిపించేది. కాగితం మీద ఆ మాట లేని చోట తలుపు తెరిచిన ఇంటావిడ ముఖంలో కనిపించేది. "నాకేమీ అభ్యంతరం లేదు గాని ఇరుగుపొరుగువారు ఏమనుకుంటారో" అన్నది అక్కడ తరచుగా వినవచ్చిన జవాబు. ఇక దయదలచి గది ఇచ్చినవారిలో కొందరు ఒక గదిలో నలుగురైదుగురిని ఇరికించి, తెల్లవారి వద్ద తీసుకొనేదానికంటె హెచ్చు అద్దె రాబట్టుకొన్నారు.

సొంత ఇల్లు కొనుక్కుందామంటే అప్పిచ్చే సంస్థలు వారిని నమ్మలేదు. అప్పుడు వారు తమ దీవుల నుండి వెంట తెచ్చుకొన్న ఒక ఆచారం ఆదుకొన్నది. జమైకావారు దానిని 'పార్డ్‌నర్' అంటారు. ట్రినిడాడ్‌లో 'సూసూ' అంటారు. పదిమందో ఇరవైమందో కలిసి వారం వారం కొంత సొమ్ము ఒక నమ్మకస్థుని చేతికిస్తారు. పోగైన మొత్తం ఒక్కొక్క విడత ఒక్కొక్కరికి అందుతుంది. ఇది చదువుతున్నప్పుడు నాకు నవ్వు వచ్చినది. ఇది మన చిట్టీయే గదా! పెండ్లికైనా, ప్లాటుకైనా, కొడుకు ఫీజుకైనా చిట్టీ ఎత్తని కుటుంబం మన సరూర్‌నగర్, కొత్తపేట ప్రాంతాలలో అరుదు. బ్యాంకు నమ్మని మనిషిని పొరుగు మనిషి నమ్ముతాడు. ఆ నమ్మకంతోనే బ్రిక్‌స్టన్, నాటింగ్‌హిల్‌లలో కరీబియన్ కుటుంబాలు పాత ఇళ్ళు కొని, బాగుచేసుకొని, తమ తరువాత వచ్చినవారికి గదులిచ్చినారు.

ద్వేషం తలుపుల వద్దనే ఆగలేదు. 1958 ఆగస్టు చివరలో నాటింగ్‌హిల్ వీధులలో తెల్ల యువకుల గుంపులు నల్లవారి ఇళ్ళపై దాడులకు దిగినాయి. మరుసటి ఏడాది మే నెలలో అంటిగ్వా దీవి నుండి వచ్చిన కెల్సో కాక్రేన్ అనే వడ్రంగిని వీధిలో పొడిచి చంపినారు. ఆ హత్యకు ఈనాటికీ ఎవరికీ శిక్ష పడలేదు. అయితే ఆ ప్రజలు భయంతో ముడుచుకొని కూర్చోలేదన్నది మనం గమనించవలసిన విషయం. ట్రినిడాడ్‌లో పుట్టి, అమెరికా నుండి బహిష్కృతురాలై లండను చేరిన క్లాడియా జోన్స్ అనే పాత్రికేయురాలు 1958లో తమ ప్రజల కొరకు ఒక పత్రిక స్థాపించినది. అల్లర్ల గాయాలు మానకముందే, 1959 జనవరిలో సెయింట్ పాంక్రస్ టౌన్‌హాలులో తమ దీవుల ఆటపాటలతో ఒక ఉత్సవం జరిపించినది. నేడు ఏటేటా లక్షలాదిమంది పాల్గొనే నాటింగ్‌హిల్ కార్నివాల్‌కు ఆ ఉత్సవాన్ని నాందిగా చెప్పుకుంటారు.

1963లో బ్రిస్టల్ నగరంలో జరిగిన సంగతి మరీ ముచ్చటైనది. అక్కడి బస్సు కంపెనీ నల్లవారిని డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకొనేది కాదు. పాల్ స్టీఫెన్‌సన్ అనే యువకుని ముందు నిలుపుకొని కరీబియన్ ప్రజలు ఏప్రిల్ నెలాఖరున బస్సులు ఎక్కడం మానివేసినారు. నాలుగు నెలలు గడిచినవి. ఆగస్టు 28న కంపెనీ తలవంచినది. సెప్టెంబరులో ఆ నగరపు బస్సులో శ్వేతేతరుడైన మొదటి కండక్టరు పనిలో చేరినాడు. ఆయన ఎవరో తెలుసునా? రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు. పోరాడినవారిలో ముందు నిలిచినది కరీబియన్లు. మొదట ఫలితం అందుకొన్నది భారతీయుడు. ఇంగ్లాండులో మనవారు ఈనాడు పొందుతున్న హక్కులలో ఆ నల్లజాతి శ్రామికుల చెమట ఎంత ఉన్నదో ఈ ఒక్క ఉదాహరణ చెబుతున్నది.

క్రమంగా చట్టాలూ వచ్చినవి. 1965 నాటి జాతి సంబంధాల చట్టం హోటళ్ళు, సినిమాహాళ్ళు, బస్సుల వంటి బహిరంగ స్థలాలకే పరిమితమైనది. ఇల్లు, ఉద్యోగం దాని పరిధిలోకి రాలేదు. 1968 చట్టంతో గాని 'నల్లవారికి గది లేదు' అనడం చట్టవిరుద్ధం కాలేదు. విండ్‌రష్ ఓడ వచ్చినది 1948లో. చట్టం వచ్చినది 1968లో. ఆ ఇరవై ఏండ్లలో ఎందరు తల్లులు చంటిపిల్లలను చంకనెత్తుకొని వానలో గది కోసం తిరిగినారో!

చట్టంతో కథ ముగిసినదా అంటే అదీ లేదు. 1973కు ముందు వచ్చి స్థిరపడినవారికి ఆ దేశంలో ఉండే హక్కు చట్టరీత్యా ఉన్నది. కాని తల్లిదండ్రుల పాస్‌పోర్టు మీద పసిపిల్లలుగా వచ్చిన అనేకుల వద్ద కాగితాలు లేవు. వారు రేవులో దిగిననాటి పాత చీటీలను ప్రభుత్వ శాఖవారు 2010లో నాశనం చేసినారు. 2014 నాటి వలస చట్టం అద్దెకు వచ్చినవాని కాగితాలు పరిశీలించే బాధ్యతను ఇంటి యజమానులపై మోపినది. ఏబది ఏండ్లు పన్నులు కట్టిన వృద్ధులు ఇండ్లు, ఉద్యోగాలు, వైద్యం పోగొట్టుకొన్నారు. కనీసం ఎనభై ముగ్గురిని అన్యాయంగా దేశం నుండి పంపివేసినట్లు తరువాత ప్రభుత్వమే అంగీకరించినది. 2018లో ఈ సంగతి బయటపడి హోంమంత్రి రాజీనామా చేయవలసివచ్చినది. కాగితం విలువ ఎంతటిదో, నిన్నటిదాకా పౌరుడైనవాడు ఒక కాగితం లేక పరాయివాడు ఎట్లా కాగలడో, మైనారిటీ విద్యార్థులు ప్రత్యేకించి గుర్తుంచుకోవలసిన పాఠమిది.

"ఆ దీవులవారికీ మనకూ ఏమి సంబంధం?" అని ఎవరైనా అడుగవచ్చును. సంబంధం ఉన్నది. బ్రిటిష్ సామ్రాజ్యంలో నల్ల బానిసలకు విముక్తి కలిగిన తరువాత చెరకుతోటల యజమానులు కూలీల కోసం మన దేశం వైపు చూసినారు. 1838 మే 5న మొదటి ఓడలు గయానా చేరినవి. 1845 మే 30న ట్రినిడాడ్‌కు మొదటి ఓడ చేరినది. 1917లో ఈ పద్ధతి రద్దయ్యేలోపల గయానాకు రమారమి రెండు లక్షల నలభై వేలమంది, ట్రినిడాడ్‌కు లక్షా నలభై వేలమంది ఐదేండ్ల ఒప్పందం మీద వెళ్ళినారు. హెచ్చుమంది కలకత్తా నుండి వెళ్ళినవారే అయినా, మద్రాసు రేవు నుండి సాగిన ఓడలలో తమిళులతోపాటు మన తెలుగువారూ ఉన్నారు. అక్కడ ఈ రెండు భాషలవారికీ 'మద్రాసీ' అన్న ఒక్క పేరే మిగిలినది. భాష పోయినది, ఊరి పేరు పోయినది. మారిషస్, నేటాల్, ఫిజీలకు పోయిన తెలుగువారు తమ ఉనికిని కొంత నిలుపుకోగలిగినారు గాని, కరీబియన్ దీవులలో ఆ అదృష్టం లేకపోయినది.

కాని ఒకటి నిలిచినది. ట్రినిడాడ్‌లో మొహర్రం పండుగను 'హోసే' అంటారు. హుస్సేన్ నామమే ఆ రూపం దాల్చినది. తాజియాలు కట్టి, డప్పులు మ్రోగించుకుంటూ ఊరేగుతారు. ఆ ఊరేగింపులో ముస్లిములే కాక హిందూ కూలీలు, ఆఫ్రికన్ సంతతివారు కూడా పాల్గొన్నారు. 1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో పట్టణంలోకి ఊరేగింపును రానీయరాదని ప్రభుత్వం నిషేధించి, నిరాయుధులపై కాల్పులు జరిపినది. పదహారుమందికి తక్కువ కాకుండా ప్రాణాలు కోల్పోయినారు. ఈ వృత్తాంతం చదివినప్పుడు నాకు నల్లగొండ జిల్లాలోని మా ఊరి పీర్ల పండుగ కండ్లకు కట్టినది. మా ఊరిలో గుండం త్రవ్వేదీ, పీర్లనెత్తేదీ, 'అసోయ్‌దూలా' అని కేక వేసి ఆడేదీ అధికభాగం హిందువులే. అక్కడి హోసేకూ ఇక్కడి అసోయ్‌కూ నడుమ ఏడు సముద్రాలున్నవి. అయినా ఒకే ఇంటి పిల్లల పేర్లవలె వినిపిస్తున్నవి. క్రికెట్ అభిమానులకు మరొక మాట: 1950లో లార్డ్స్ మైదానంలో వెస్టిండీస్ జట్టు ఇంగ్లాండును వారి గడ్డపై మొదటిసారిగా ఓడించినప్పుడు పదకొండు వికెట్లు తీసిన సోనీ రామధీన్ ట్రినిడాడ్ చెరకుతోటలకు పోయిన భారతీయ కూలీల సంతతివాడే.

ఇక ఆఫ్రికా మన నగరానికి దూరమైనదని అనుకోవడం కూడా పొరపాటు. మాసబ్‌ట్యాంక్ సమీపంలోని ఎ.సి. గార్డ్స్ పేరు మనమందరం వింటాము. ఆ రెండు అక్షరాలు 'ఆఫ్రికన్ కావల్రీ' అని విద్యార్థులలో ఎందరికి తెలుసు? వనపర్తి సంస్థానాధీశుని కొలువు నుండి నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికా జాతి ఆశ్వికదళం అది. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత ఆ దళం రద్దయినది. అటు విండ్‌రష్ ఓడ రేవు చేరిన సంవత్సరమే ఇటు సంస్థానం విలీనమైనది, ఆ పిదప ఈ సిద్దీలు ఉపాధి కోల్పోయినారు. వారి సంతతి నేటికీ అక్కడ నివసిస్తున్నది. హైదరాబాదు పెండ్లి బారాత్‌లలో మనం చిందులు వేసే మర్ఫా వాద్యం వారి చేతులలోనూ అరబ్బు సంతతి చావుష్‌ల చేతులలోనూ పెరిగినదే. ఇక్కడే పుట్టి, ఇక్కడి ఉర్దూ, తెలుగూ మాట్లాడే ఆ యువకులను "మీది ఏ దేశం?" అని అడిగేవారు ఈనాటికీ ఉన్నారు.

ఇప్పుడు మన ఎల్.బి. నగర్ సంగతికి వద్దాము. లాల్ బహదూర్ శాస్త్రి పేరిట వెలసిన ఈ నగర్‌లో తాతముత్తాతల నాటి నుండి ఉన్నవారెందరు? విజయవాడ రహదారి మీదుగా నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా, గుంటూరుల నుండి, సాగర్ రహదారి మీదుగా దేవరకొండ వైపు నుండి వచ్చినవారే ఈ కాలనీలన్నీ కట్టుకొన్నారు. వచ్చినవారే ఇంటి యజమానులైనారు. కాని గేటు వద్ద నిలబడిన కొత్త మనిషిని వారు అడిగే మొదటి ప్రశ్న, "మీరేమిటోళ్ళు?" అనేది. కొన్ని గేట్లకు 'శాకాహారులకు మాత్రమే' అన్న అట్ట వ్రేలాడుతుంది. ఆ అట్ట అర్థం కూర వరకే ఆగిపోదని దళిత విద్యార్థులకు, ముస్లిం విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు.

ఇది నేటి వ్యాధి కాదు. అమెరికా, ఇంగ్లాండులలో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన డాక్టర్ అంబేద్కర్‌కు ఆ ఊరిలో తలదాచుకొనే చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో బస చేయవలసివచ్చినది. సంగతి తెలిసి కర్రలతో వచ్చినవారు ఆయనను వెళ్ళగొట్టినారు. ఈ అనుభవం చెప్పుకొన్న ఆయన రచనకు 'వీసా కోసం నిరీక్షణ' అని పేరు. వీసా కోసం నిరీక్షించే మన దిల్‌సుఖ్‌నగర్ యువకులు ఆ చిన్న పుస్తకాన్ని తప్పక చదవాలి.

నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ప్రాంతంలో ఇల్లు వెదుకుతూ ఒక యజమానికి ఫోను చేసినాను. తెలుగు అధ్యాపకుణ్ణని విని ఆయన ఎంతో సంతోషించినాడు. తనకు పోతన అంటే ప్రాణమన్నాడు. "మీవంటి మాస్టారు మా ఇంట్లో ఉంటే మా పిల్లలకు నాలుగు పద్యాలు వస్తాయండీ" అన్నాడు. సాయంత్రం నా భార్యతో కలిసి వెళ్ళినాను. గదులు చూపించినాడు, మంచినీళ్ళు ఇప్పించినాడు. చివర కాగితం మీద వ్రాసుకోవడానికి పేరు అడిగినాడు. చెప్పినాను. కలం ఆగినది. "మా ఆవిడతో ఒకమాట అనుకొని చెబుతాను మాస్టారూ" అన్నాడు. మరునాడు ఇల్లు వేరొకరికి ఇచ్చివేసినామని కబురు వచ్చినది. ఆ గేటుకు 'టు లెట్' అట్ట మరి పదిహేను రోజులు వ్రేలాడినది. ఆయన క్రూరుడు కాడు. ఆయన మాటలో కటుత్వమేమీ లేదు. లండనులో తలుపు తెరిచిన ఇంటావిడవలె ఆయనా ఇరుగుపొరుగువారికే భయపడి ఉంటాడు. నా భార్య దారిపొడుగునా ఒక్కమాట మాట్లాడలేదు. బస్సు దిగిన తరువాత, "పోతన పద్యం నీకు వచ్చునని వాళ్ళకు తెలిసి ఏం లాభం?" అన్నది.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్ళ బాధ ఈ ప్రాంతపు గుండెలో ఇంకా ఉన్నదని నాకు తెలుసు. దోషులకు 2016లో న్యాయస్థానం శిక్ష విధించినది. ఆ పాపానికి ఒడిగట్టినవారు మనుషుల ప్రాణాలు తీయడమే గాక, పొరుగువానిని పొరుగువాడు నమ్మే గుణాన్ని కూడా గాయపరచినారు. కాని దోషికి పడవలసిన శిక్షను ఆ పేరు వంటి పేరు గల ప్రతి అద్దెదారుకూ పంచిపెట్టడం న్యాయం కాదు గదా!

చివరకు మాకు ఇల్లిచ్చినది ఒక వృద్ధురాలు. "అమ్మా, ముందే చెబుతున్నాను, మేము ముస్లిములము" అన్నాను. ఆమె, "గది సరే గని బిడ్డా, నల్లా దినం విడిచి దినం వస్తది, డ్రమ్ము నింపుకోవాలె. కిరాయి అయిదో తారీకు దాటొద్దు. మోటరు నడుస్తుంటె మరిచిపోయి పండుకోవద్దు" అని తన షరతులన్నీ ఏకరువు పెట్టినది. నేను చెప్పిన మాటకు ఆమె జవాబే ఇవ్వలేదు. ఆమెకు అది జవాబు చెప్పవలసిన మాటగా తోచలేదు. ఆ ఇంటిలో మూడేండ్లున్నాము. రంజాన్ నెలలో సహరీ వేళకు మా గది దీపం వెలుగకపోతే ఆమెయే తలుపు తట్టి లేపేది.

ఈ సందర్భంలో మనవారికి కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. బాధపడినవారందరూ న్యాయవంతులు కారు. ఉన్నత విద్య కోసం ఆఫ్రికా దేశాల నుండి మన నగరానికి వచ్చే విద్యార్థులను చూసి నవ్వేవారు, వారికి గది ఇవ్వడానికి వెనుకాడేవారు అన్ని మతాలలోనూ ఉన్నారు. పెండ్లిచూపులలో పిల్ల చామనఛాయ అయితే కట్నం లెక్క మారే ఇళ్ళు మన బస్తీలలోనూ ఉన్నవి. నమాజుకు పిలుపునిచ్చే గౌరవం ఇస్లాం చరిత్రలో మొట్టమొదట దక్కినది హజ్రత్ బిలాల్ అనే నల్లని అబిసీనియా వానికని వేదికలెక్కి గర్వంగా చెబుతాము. తెల్లవానికి నల్లవానిపై ఆధిక్యం లేదన్న ప్రవక్త చివరి ఉపదేశాన్ని స్మరిస్తాము. బిలాల్ స్వయంగా వచ్చి మన గేటు వద్ద నిలబడి గది అడిగితే ఇస్తామా అన్నది ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న.

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఇద్దరు తెలుగు ఇంజనీర్లపై ఒక తెల్లవాడు "మా దేశం నుండి పొండి" అని అరుస్తూ తుపాకి కాల్చినాడు. హైదరాబాదుకు చెందిన ఒకరు మరణించినారు. తాను ఇరానీయులను కాల్చినానని ఆ హంతకుడు అనుకొన్నాడు. హిందూ యువకుడు ముస్లిం దేశస్థుడన్న భ్రమలో ప్రాణాలు కోల్పోయినాడు. ద్వేషించేవాని కంటికి మన మతాలు, కులాలు, భాషలు వేరుగా కనబడవు. ఆ రాత్రి అక్కడే ఉన్న ఒక తెల్ల అమెరికన్ యువకుడు హంతకుని పట్టుకోబోయి తానూ తూటా దెబ్బ తిన్నాడన్న సంగతి కూడా మనం మరువరాదు. జాతిని బట్టి మనిషిని కొలవరాదన్న సూత్రం తెల్లవారికి కూడా వర్తిస్తుంది.

నన్ను ప్రశ్నించిన విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇది: "ఇస్తారు నాయనా. ఇయ్యనివారూ ఉంటారు. ఇయ్యకపోవడం తప్పని చెప్పే చట్టం అక్కడ ఉన్నది. దానిని తెచ్చినవారిలో నీకు పేరు తెలియని నల్లవారు ఎందరో ఉన్నారు. అక్కడికి పోయినప్పుడు వారిని తక్కువ చేసి మాట్లాడవద్దు." మన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలలో, హోటళ్ళలో, బావుల వద్ద మత, జాతి, కుల వివక్షను నిషేధించినది. సొంత ఇల్లు అద్దెకిచ్చేవాని గేటు లోపలికి మాత్రం ఆ అధికరణం ఇంకా అడుగుపెట్టలేదు. చట్టం వచ్చేదాకా మనం చేయగలిగినది కొంత ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. జిల్లాల నుండి వచ్చే మన విద్యార్థులు ప్రతి జూన్, జూలై నెలలలో గదుల కోసం గేటు గేటుకూ తిరిగి అలసిపోతున్నారు. పేరు చూడకుండా ఇల్లిచ్చే యజమానులు ఈ ప్రాంతంలో లేకపోలేదు. మేము ఉన్న ఇంటి తల్లివంటివారు ప్రతి కాలనీలోనూ ఉన్నారు. వారి పేర్లు, గదుల వివరాలు ఒక రిజిస్టరులో వ్రాసి కార్యాలయంలో ఉంచితే బాగుంటుంది. మొదటిసారి గది చూడబోయే విద్యార్థి వెంట ఒక అధ్యాపకుడు వెళ్ళే ఏర్పాటు చేస్తే యజమానులకు కూడా భరోసా కలుగుతుంది. ఆ పనికి నేను సిద్ధంగా ఉన్నాను. అట్లాగే నగరంలో చదువుకొంటున్న ఆఫ్రికా విద్యార్థులను కొందరిని వచ్చే వార్షికోత్సవానికి అతిథులుగా పిలిచి, వారి నోట వారి దేశాల సంగతులు మన పిల్లలకు వినిపించాలని కోరుతున్నాను.

మన ఈ సంచికలో ఉర్దూ పుటలు ఒక వైపు నుండి, తెలుగు పుటలు మరొక వైపు నుండి మొదలై నడుమ కలుసుకొంటాయి. రెండింటినీ కుట్టిన దారం ఒక్కటే. ఇటువంటి పత్రికను చేతబట్టుకొని పెరిగిన విద్యార్థులు రేపు ఉద్యోగాలు చేసి, చిట్టీలు ఎత్తి, ఈ కాలనీలలోనే ఇండ్లు కట్టుకొంటారు. ఒకనాడు మీ గేటుకు కూడా 'టు లెట్' అట్ట కట్టుకొంటారు. సంచి చేతబట్టుకొని ఎవరో కొత్త మనిషి వచ్చి నిలబడితే, ముందు లోపలికి పిలిచి కూర్చోబెట్టండి. నల్లా ఏ వేళకు వస్తుందో, కిరాయి ఎన్నో తారీకున ఇవ్వాలో చెప్పండి. పేరు అద్దె రశీదు వ్రాసేటప్పుడు అడుగవచ్చును.